మామిడి తోటలో మొరాయించిన పీత బండి

మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు మా అత్తగారి దిగులంతా నొప్పి గురించి కాదు, తోట గురించి. తిరువూరు నుంచి ఎ.కొండూరు వెళ్ళే దారిలో రోడ్డు దిగి కొంత లోపలికి వెళితే మా మామిడి తోట. ఎర్రనేల, కాస్త ఏటవాలు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ పొద్దున్నే కాఫీ తాగి తోటంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవారు. ఏ చెట్టుకు పూత ఆలస్యమైంది, ఏ కొమ్మకు పురుగు తగిలింది, ఎక్కడ చెదలు లేచింది, అన్నీ స్వయంగా చూస్తేనే ఆవిడకు తృప్తి. మోకాళ్ళు మాట వినడం మానేశాక షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని, కనిపించినంత మేర చూస్తూ కూర్చునేవారు. కనిపించని చెట్ల గురించి మమ్మల్ని ప్రశ్నలతో వేధించేవారు.

"ఆ చివర రసాల చెట్టు ఎట్లా ఉందే?"

"బానే ఉందత్తయ్యా."

"బానే అంటే? ఆకు మెరుస్తోందా, వాడిందా? చూసొచ్చి బానే అంటే ఏం లాభం?"

అప్పుడు మావారు ఆ బండి తెచ్చారు. విజయవాడ అవతల ఎక్కడో ఒక రిసార్టు మూతపడితే అక్కడి సామాను అమ్ముతున్నారని విని వెళ్ళి, ఒక పాత ఏటీవీని లారీలో వేసుకొచ్చారు. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిలుకు ఉన్నట్టే హ్యాండిలు, కాళ్ళు పెట్టుకోవడానికి రెండు పక్కలా వెడల్పాటి పలకలు, వెనక చిన్న ట్రాలీ తగిలించుకోవడానికి ఒక కొక్కెం. వాకిట్లో దించగానే మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదేంట్రా, పీతలా ఉంది!" అన్నారు. ఆ రోజు నుంచి అది మా ఇంట్లో పీత బండి.

ఆవిడ దాన్ని నేర్చుకున్న తీరు చూసి మేమే నోరు తెరిచాం. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, స్టూలు మీది నుంచి సీటు మీదకు జరిగి, మావారు "నెమ్మదిగా, నెమ్మదిగా" అని అరుస్తూ వెంట పరిగెడుతుంటే, మొదటి వరస చెట్ల మధ్యకు వెళ్ళి మాయమైపోయారు. తిరిగి వచ్చేసరికి తల మీద రెండు ఎండుటాకులు, ముఖమంతా నవ్వు. ఆ వేసవి కోతలన్నీ ఆవిడ బండి మీద ఉండే చేయించారు. మా పాత చెట్ల కొమ్మలు బాగా కిందికి ఉంటాయి. ట్రాక్టరు వాటి కింద నుంచి పోలేదు. పీత బండి మాత్రం తల వంచుకుని దూరిపోయేది.

ఆ కోతలు అయిపోగానే ఖమ్మంలో మా ఆడబిడ్డకు కాన్పు వచ్చింది. అత్తగారు అక్కడికి వెళ్ళారు. కాన్పు, పసిబిడ్డ, ఆ తరవాత అక్కడే ఆవిడ మోకాలికి వైద్యం. మళ్ళీ కాయ ముదిరే వేళకు గానీ తిరిగి రాలేకపోయారు. అన్నాళ్ళూ పీత బండి షెడ్డులో ఒక మూల, ట్యాంకులో పాత పెట్రోలుతో అలాగే ఉండిపోయింది. దాన్ని అలా వదిలేయకూడదని మాకెవరికీ తట్టలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను విజయవాడలో పెరిగినదాన్ని. స్కూటీ నడపడం వచ్చు. అది ఆగిపోతే రోడ్డు పక్కన నిలబెట్టి ఫోను చేయడం వచ్చు. అంతకు మించి బండి లోపల ఏముంటుందో నేనెప్పుడూ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు.

కోతలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం. మావారు మొదటి లోడుతో మార్కెట్టుకు వెళ్ళారు. అమ్మకం చూసుకుంటూ ఆయన అక్కడే ఉండిపోతారు. సాయంత్రానికి డ్రైవరు వ్యాను తిరిగి తెస్తే రెండో లోడు ఎక్కించాలి. టిఫిన్లు తింటుండగా అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. సాయంత్రం ఈదురుగాలులతో వాన, పిడుగులు పడే అవకాశం, చెట్ల కింద ఉండవద్దు అని మెసేజీ. కోత మేస్త్రీ చెయ్యి కడుక్కుని ఆకాశం వైపు చూశాడు. అప్పటికింకా మబ్బు తునక కూడా లేదు.

"అమ్మా, గాలొస్తే చెట్టు మీదున్న కాయంతా రాలిపోద్ది," అన్నాడు. "మధ్యాహ్నం దాటే లోపు ఎంత వీలైతే అంత దించేస్తాం. దించింది షెడ్డుకి చేర్చే పని మాత్రం మీదే."

"మా పీత ఉందిగా," అన్నారు అత్తగారు.

ఆవిడ వెళ్ళి బండెక్కి, చోక్ లాగి, మీట నొక్కారు. చాలాసేపు గుర్రుగుర్రుమని, చివరికి అంటుకుంది. ఆవిడ గర్వంగా మా వైపు చూశారు. చోక్ వెనక్కి తోశారు. బండి ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు వణికి, దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ అంటించారు. ఈసారి ఆగకుండా యాక్సిలరేటరు గట్టిగా ఇచ్చారు. టప్ టప్‌మని లోపల పేలి, బండి రెండు గెంతులు గెంతి నిలబడిపోయింది. కోతవాళ్ళలో ఎవరో నవ్వారు.

"పీత కాస్తా కప్పయింది," అన్నారు అత్తగారు. కానీ ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

నేను భాయ్‌కి ఫోను చేశాను. తిరువూరు బస్టాండు దగ్గర ఆయనకు మోటారు సైకిళ్ళ రిపేరు షాపు. నా స్కూటీని ఎన్నో ఏళ్ళుగా బతికిస్తున్నది ఆయనే. ఏటీవీ అనగానే ఆయన గొంతు పెద్దదైంది.

"కార్బురేటరు బండేనా అక్కా?"

"నాకేం తెలుసు భాయ్? చోక్ ఉంది."

"చోక్ ఉందంటే కార్బురేటరే! కదపొద్దు. వస్తున్నా. ఈ మధ్య వచ్చే బండ్లకి అది ఉండట్లేదక్కా, చేతులు దురద పెడుతున్నాయి."

ఆయన వచ్చి బండిని చూసిన చూపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. సంచి కింద పెట్టి, వంగి చూసి, పక్కకు వెళ్ళి చూసి, నేల మీద పడుకుని చూశాడు. ఇలాంటిది ఇంతకు ముందు విప్పలేదని ముందే చెప్పేశాడు.

"ఇంజిన్ అంటే ఇంజినే గానీ, అమ్మా, ఇది సరిగ్గా ఏం చేస్తోందో చెప్పండి," అని అడిగాడు అత్తగారిని.

"చోక్ వేస్తే ఆడుతోంది. తీస్తే చస్తోంది."

"అదీ! చోక్ అంటే గాలి తగ్గించేది. గాలి తగ్గిస్తే ఆడుతోందంటే దానికి పెట్రోలు చాలట్లేదు. పెట్రోలు దారిలో ఏదో అడ్డం పడింది. విప్పుదాం."

విప్పుదాం అన్నాడు గానీ ఆయన చెయ్యి లోపలికి దూరలేదు. కార్బురేటరు ఇంజిన్‌కీ ఫ్రేముకీ మధ్య ఇరుగ్గా ఉంది. రెండు మూడు సార్లు ప్రయత్నించి, వేళ్ళు గీరుకుని, నా వైపు చూశాడు.

"అక్కా, మీ చెయ్యి సన్నం. ఈ స్క్రూడ్రైవరు పట్టుకోండి. కుడి వైపు ఒక బిగింపు ఉంటుంది, దాన్ని వదులు చేయాలి."

నేను గాజులు తీసి అత్తగారి చేతిలో పెట్టాను. చెయ్యి లోపలికి పోనిచ్చాను. కంటికి కనిపించని చోట వేళ్ళతో వెతుక్కోవాలి. స్క్రూ తల దొరికింది, జారింది, మళ్ళీ దొరికింది. తిప్పాను. కదల్లేదు. బలం కొద్దీ తిప్పాను. కిర్రుమని వదిలింది. "వచ్చింది! వచ్చింది!" అని అరిచాను.

కార్బురేటరు అరచేతిలో పట్టేంత వస్తువు. కింద ఒక చిన్న గిన్నె. అందులో పెట్రోలు నిలవుంటుందని, ఇంజిన్ అక్కడి నుంచే పీల్చుకుంటుందని భాయ్ చెప్పాడు. గిన్నె తీస్తే అడుగున చిక్కటి డికాషను రంగులో ఏదో పేరుకుని ఉంది. కంపు ముక్కు పగలగొట్టింది. ఆయన లోపల నుంచి బియ్యపు గింజంత ఇత్తడి ముక్క ఒకటి తిప్పి తీసి నా అరచేతిలో పెట్టాడు.

"స్లో జెట్టు. బండి నిలబడి ఉన్నప్పుడు తాగే పెట్రోలంతా దీని బెజ్జంలోంచే పోవాలి. ఎండకేసి పట్టి చూడండి."

చూశాను. ఏమీ కనిపించలేదు. బెజ్జం ఎక్కడుందో కూడా తెలియలేదు.

"మూసుకుపోయింది భాయ్!"

"పాత పెట్రోలు ఎండి జిగురైపోయింది."

నేను ఉత్సాహం పట్టలేక జాకెట్టుకున్న పిన్నీసు తీసి పొడవబోయాను. ఆయన దాదాపు ఎగిరి నా చెయ్యి ఆపాడు. పిన్నీసు పెడితే బెజ్జం పెద్దదవుతుందట, ఇక జన్మలో బండి సరిగ్గా ఆడదట. కరెంటు వైరు ముక్క ఒకటి వలిచి, అందులోంచి వెంట్రుకంత రాగి తీగ తీసి ఇచ్చాడు. కొత్త పెట్రోలులో నానబెట్టి, తీగతో మెల్లగా పొడిచి, ఊది, మళ్ళీ నానబెట్టి, మళ్ళీ ఊది, ఎండకేసి పట్టాను. ఒక వెలుగు చుక్క కనిపించింది. ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు, కానీ గుండ్రంగా, శుభ్రంగా ఉంది. అత్తగారిని పిలిచి చూపించాను. ఆవిడ ఒక కన్ను మూసుకుని, చూసి, "ఓర్నీ, ఇంత దానికా ఇంత గోల!" అన్నారు.

ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాం. కార్బురేటరు బిగించింది కూడా నేనే. అత్తగారు మీట నొక్కారు. ఒక్క గుర్రుతో అంటుకుంది. చోక్ తోశారు. ఆగలేదు. డుగు డుగు డుగు డుగుమని ఒకే తీరున, పిండిమరలా ఆడుతూనే ఉంది. భాయ్ చప్పట్లు కొట్టాడు. నేను నల్లటి చేతులతోనే మా అత్తగారిని పట్టేసుకున్నాను. ఆవిడ చీర మీద అయిదు వేళ్ళూ పడ్డాయి. అదేం పట్టించుకోకుండా ఆవిడ ట్రాలీతో తోటలోకి వెళ్ళిపోయారు.

ప్లాస్టిక్ ట్రేలలో కాయలు నింపుకుని వస్తుంటే బండి చప్పుడు వినిపిస్తూనే ఉంది. దగ్గరవుతోంది, దగ్గరవుతోంది. చటుక్కున తోటంతా నిశ్శబ్దం.

మేం పరిగెత్తి వెళ్ళేసరికి ఆవిడ రెండు వరసల మధ్య బండి మీద కూర్చుని ఉన్నారు. "పోయింది," అన్నారు.

భాయ్ ప్లగ్గు ఊడదీసి చూశాడు. నిప్పురవ్వ బాగానే పడుతోంది. మళ్ళీ బిగించి మీట నొక్కితే ఏమీ జరగనట్టే అంటుకుంది. సరే అనుకుని షెడ్డుకు తెచ్చి దింపుకున్నాం. రెండోసారి వెళ్ళింది, మళ్ళీ సగం దారిలో ఆగింది. కాసేపు ఊరుకుంటే అంటుకుంటుంది. కదిలిన కాసేపటికి పడుకుంటుంది. ఈలోగా కోసిన కాయ చెట్ల కింద కుప్పలు పడుతోంది. ఆడవాళ్ళు ట్రేలు నెత్తిన పెట్టుకుని మోయడం మొదలుపెట్టారు. పడమట ఒక బూడిద రంగు గీత కనిపించింది.

భాయ్ తల గోక్కున్నాడు. "ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ పోయిందనుకుంటానక్కా. వేడెక్కితే పడుకుంటుంది, చల్లారితే లేస్తుంది. ఈ బండికి కొత్తది విజయవాడ నుంచి తెప్పించాలి." ఎవరికో ఫోను చేశాడు. రేపు గానీ రాదన్నారు.

ఆ మాటతో నేను నీరుగారిపోయాను. మావారు కూడా అప్పుడే ఫోను చేశారు. సంగతి చెబితే, ఎవరి ట్రాక్టరైనా దొరుకుతుందేమో చూడమన్నారు. ట్రాక్టరు కొమ్మల కిందకు రాదని ఆయనకూ తెలుసు. ఏదో ఒకటి అనాలి గనక అన్నారు.

కానీ నాకెందుకో ఆ కాయిల్ మాట మింగుడు పడలేదు. పొద్దున స్లో జెట్టులోంచి వెలుగు చూసినప్పటి నుంచి, ఈ ఇంజిన్ చేసే ప్రతి పనికీ ఒక కారణం ఉంటుందనీ, వెతికితే అది దొరుకుతుందనీ ఒక నమ్మకం పట్టుకుంది. అత్తగారి దగ్గర కూర్చుని అడిగాను.

"అత్తయ్యా, ఆగిపోయే ముందు ఎలా ఉంటోంది? టక్కున ఆగుతోందా?"

ఆవిడ ఆలోచించారు. "టక్కున కాదే అమ్మాయ్. ముందు నీరసపడుతోంది. యాక్సిలరేటరు ఇచ్చినా లాగదు. సిలిండరు అయిపోయే ముందు పొయ్యి మంట ఎట్లా చిన్నబోతుందీ, అట్లా అయి, అప్పుడు ఆగుతోంది."

భాయ్ ఫోను జేబులో పెట్టబోతున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఏమన్నారమ్మా? చిన్నబోయి ఆగుతోందా?"

"అవునయ్యా."

"అయితే కాయిల్ కాదు! కాయిల్ పోతే స్విచ్చి కట్టేసినట్టు పోవాలి. నీరసపడి ఆగిందంటే ఆకలితో ఆగిందన్నమాట. అక్కా, ఇది మళ్ళీ పెట్రోలే!"

అంతే, మళ్ళీ ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. ఎలా పట్టుకోవాలో అక్కడే నిలబడి ఉపాయం చేశాం. కార్బురేటరు గిన్నె అడుగున ఒక చిన్న స్క్రూ ఉంది. దాన్ని వదులు చేస్తే గిన్నెలో పెట్రోలు సన్నటి గొట్టంలోంచి బయటికి కారుతుంది. బండి ఆగిన క్షణంలోనే, చల్లారడానికి వదలకుండా, ఆ స్క్రూ తిప్పి చూడాలి. గిన్నె నిండుగా ఉంటే తప్పు ఇంకెక్కడో ఉన్నట్టు. ఖాళీగా ఉంటే పెట్రోలు పై నుంచి దిగడం లేదన్నట్టు.

ఈసారి బండి నేను నడిపాను. జీవితంలో మొదటిసారి దాన్ని ఎక్కాను. భాయ్ ట్రాలీలో కూర్చుని, ఒక చేత్తో ఖాళీ నీళ్ళ సీసా, ఇంకో చేత్తో ట్రాలీ అంచు పట్టుకున్నాడు. కొమ్మలు ముఖానికి తగులుతుంటే ఇద్దరం వంగి వంగి పోయాం. నా జీవితంలో ఒక బండి ఆగిపోవాలని అంతగా కోరుకున్నది అప్పుడే. కోరుకున్నట్టే అది నీరసపడింది. చేతి కింద ఇంజిన్ బలం తగ్గిపోవడం నాకు స్పష్టంగా తెలిసింది.

"ఆగుతోంది భాయ్, ఆగుతోంది!"

"దిగండి దిగండి! సీసా పట్టండి, వేడి ఇంజిన్ మీద చుక్క పడకూడదు."

నేను మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం చివర సీసాలో పెట్టి స్క్రూ తిప్పాను. కొద్దిగా కారింది. తరవాత చుక్క. ఇంకో చుక్క. ఆగిపోయింది.

"ఖాళీ!" అన్నాడు భాయ్. "ట్యాంకులో పెట్రోలుందా?"

"పొద్దునే నింపాం కదా."

"ఒకసారి చూడండి."

నేను సీసా ఆయన చేతికిచ్చి, లేచి ట్యాంకు మూత తిప్పాను. మూత వదులవగానే ఉస్సుమని పెద్ద నిట్టూర్పు. గాలి లోపలికి పోయిన చప్పుడు. అదే క్షణంలో కింద నుంచి భాయ్ కేక పెట్టాడు.

"పడుతోంది! అక్కా, ధారగా పడుతోంది!"

వంగి చూశాను. సీసాలోకి పెట్రోలు గలగలా దిగుతోంది. మూత మళ్ళీ గట్టిగా బిగించాను. ధార కొంతసేపటికి సన్నబడి చుక్కలయింది. మూత తీశాను. ఉస్సు. మళ్ళీ ధార. ఇద్దరం పిల్లల్లా అదే ఆట మళ్ళీ మళ్ళీ ఆడాం. నూనె డబ్బాకు ఒకటే చిల్లి పెడితే నూనె సరిగ్గా పడదు. పై వైపు గాలికి ఇంకో చిల్లి పెట్టాలి. వంటింట్లో ఎన్నిసార్లు చేసిన పనో అది. ట్యాంకు మూతకు గాలి పోయే సన్నటి బెజ్జం ఉండాలి. అది మూసుకుపోయింది. పెట్రోలు దిగుతున్న కొద్దీ పైన గాలి చాలక, లోపలే పట్టుకుని ఆగిపోతోంది. కాసేపు ఊరుకుంటే ఎక్కడి నుంచో కాస్త గాలి దూరి మళ్ళీ దిగుతోంది.

"అత్తయ్యా! దొరికింది!" అని నేను అరిచిన అరుపుకు చెట్టెక్కినవాళ్ళు కూడా కిందికి చూశారు.

గిన్నె స్క్రూ బిగించి, మూత వదులుగా పెట్టి, తొణకకుండా నెమ్మదిగా షెడ్డుకు వచ్చాం. బండి ఎక్కడా ఆగలేదు. మూత తిరగేసి చూస్తే నడి మధ్యలో బెజ్జం ఉండాల్సిన చోట గోధుమ రంగు గట్టి పక్కు ఒకటి ఉంది. భాయ్ గోటితో గీకి, "ఇది గ్రీజు కాదే," అన్నాడు. అత్తగారు మూత తీసుకుని దగ్గరగా చూశారు. వాసన చూశారు. తరవాత ఆవిడ భుజాలు కదలడం మొదలయ్యాయి. ముందు ఏడుస్తున్నారనుకున్నాను.

"సొన," అన్నారు, నవ్వు ఆపుకోలేక. "మామిడి సొన! పోయినేడు కోతల్లో తిరిగినన్నాళ్ళూ, చెట్టు దగ్గర కాయ తెంపి, ముచ్చిక తుంచి, ఇదిగో, ఈ ట్యాంకు మీదే పెట్టుకునేదాన్ని. ఆ సొనంతా దీని మీదే కారింది. దాని ముక్కు మూసింది నేనేనే!"

భాయ్ అయితే నేల మీద కూర్చుండిపోయి నవ్వాడు. ముప్పై రకాల చెత్త చూశాను గానీ మామిడి సొన ఎప్పుడూ చూడలేదన్నాడు. మూతను పెట్రోలులో నానబెట్టి, సొన మెత్తబడ్డాక రాగి తీగతో పొడిచి తీశాం. నేను మూత నోటి దగ్గర పెట్టుకుని ఊదాను. మొదట గాలి పోలేదు. బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదాను. అవతలి వైపు పెట్టిన భాయ్ అరచేతికి గాలి తగిలింది. "వచ్చింది!"

అప్పటికి పడమట గీత కాస్తా కొండంత మబ్బయింది. ఇక అక్కడి నుంచి మేం చేసింది పని అనడం కంటే పరుగు అనాలి. అత్తగారు నడిపితే నేను ట్రాలీలో, నేను నడిపితే ఆడవాళ్ళు ట్రేలు అందించడం. భాయ్ షాపు సంగతి మర్చిపోయి షెడ్డు దగ్గర ట్రేలు దింపుతున్నాడు. ఒక కస్టమరు ఫోను చేస్తే, "నేను మామిడికాయలు మోస్తున్నా, సాయంత్రం రా," అన్నాడు. బంగినపల్లి వరసలు అయిపోయాయి. వ్యాను వచ్చింది. ఎక్కించడం మొదలైంది. ఇంజిన్ చప్పుడు ఒక్కసారి కూడా తడబడలేదు. ఎక్కడ ఆగుతుందో అని మొదటి ట్రిప్పులో చెవులు రిక్కించి విన్నాను. తరవాత ఆ చప్పుడంటేనే ఇష్టం పుట్టి విన్నాను.

గాలి మొదట నేల మీద మొదలైంది. ఎండుటాకులు చెట్ల మధ్య నుంచి ఒక గుంపుగా పరిగెత్తాయి. మేస్త్రీ అందరినీ చెట్లు దిగమన్నాడు.

"ఇక చాలత్తయ్యా," అన్నాను.

"ఆ చివర రసాలు కోసి పెట్టున్నయ్యే."

"పోతే పోనీండి. పిడుగులంటున్నారు."

"ఇంకా ఉరుములు లేవుగా. ఒక్క ట్రిప్పు. నువ్వు రాకపోతే ఉండు." ఆవిడ యాక్సిలరేటరు ఇచ్చేశారు. నేను పరిగెత్తి ట్రాలీలోకి దూకాను.

ఆవిడ ఆ రోజు నడిపినట్టు ఎప్పుడూ నడపలేదు. పైట తలకు చుట్టుకుని, ముందుకు వంగి, గోతులు తప్పిస్తూ, కొమ్మ వచ్చినప్పుడల్లా "వంగు!" అని కేక వేస్తూ వెళ్ళారు. ఏటవాలు ఎక్కేటప్పుడు ఇంజిన్ గొంతు పెంచి, పంతం పట్టినట్టు లాగింది. చివరి చెట్టు కింద ట్రేలు ఉన్నాయి. నేను దూకి ఒక్కొక్కటీ ఎత్తి ట్రాలీలో పడేశాను. తిరిగి వస్తుంటే మా వెనక వరసల్లో కాయలు దబదబా రాలడం వినిపించింది. దుమ్ము కళ్ళల్లో పడింది. మొదటి ఉరుము ఉరిమేసరికి మేం షెడ్డు కిందకు వచ్చేశాం. ఆవిడ ఇంజిన్ కట్టేసి, హ్యాండిలు మీద రెండు చేతులూ పెట్టి, రొప్పుతూ, నా వైపు తిరిగి, "ఎట్లా తెచ్చా?" అన్నారు.

అంత ప్రమాదంలోకి లాక్కెళ్ళినందుకు నాకు కోపం రావలసింది. ఆ మెరిసే కళ్ళు చూస్తే రాలేదు.

వాన దంచి కొట్టింది. అందరం షెడ్డులోనే టీ తాగాం. చెట్ల మీద మిగిలిన కాయ కొంత రాలింది. దానికి ఎవరమూ ఏమీ చేయలేం. కోసిందంతా మాత్రం చేరింది. వాన తగ్గాక వ్యాను బయలుదేరింది. మావారు మళ్ళీ ఫోను చేసి, "ట్రాక్టరు దొరికిందా?" అని అడిగారు. జరిగింది చెప్పబోతూ మేం ముగ్గురం ఒకేసారి మాట్లాడాం. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "సొనేంటి? మూతేంటి? బండి ఎవరు నడిపారు?" అంటూనే ఉన్నారు.

అది మొదలు, ఇంజిన్ చప్పుడు వినిపిస్తే నా చెవులు నిలబడతాయి. భాయ్ షాపుకు పని ఉన్నా లేకపోయినా వెళ్తాను. విప్పిన బండి ఏదైనా ఉంటే ఆయనే పిలిచి చూపిస్తాడు. ఈ కథను మా అత్తగారు చుట్టాలందరికీ ఎంత ఘనంగా చెప్పారో తెలియదు గానీ, మొన్న పెనుగొలను నుంచి మా పిన్నత్తగారు ఫోను చేశారు. వాళ్ళ మందు కొట్టే పవర్ స్ప్రేయరు అంటుకుంటుందట గానీ వీపున తగిలించుకోగానే ఆగిపోతుందట.

"కింద పెడితే ఆడుతుందా?" అని అడిగాను.

"ఆడుతుందే! భుజానికెత్తితేనే చచ్చిపోతోంది."

నాకు నవ్వొచ్చింది, అంతలోనే ఆలోచనా మొదలైంది. వంగితే ఆగుతోందా? ఊగితే ఆగుతోందా? ట్యాంకు లోపలి గొట్టం విరిగిందా? ఫోను పెట్టేసి చూసేసరికి మా అత్తగారు అప్పటికే చీర మార్చుకుని, చేతిసంచిలో స్క్రూడ్రైవర్లు వేసుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పద," అన్నారు. "పెనుగొలను ఆటో ఇప్పుడే వెళ్తుంది."